హెల్మెట్‌లోంచి తీసిన పిన్నీసు

సంచీ సర్దేటప్పుడు బూట్లు అడుగున పెట్టాలి, చొక్కాలు పైన. లేకపోతే ఇంట్లో సంచీ విప్పిన తల్లికి మొదట కనబడేవి మట్టి బూట్లే అవుతాయి. ఈ పద్ధతి వెర్నా పికెన్స్ తనకు తానే పెట్టుకుంది. పిట్‌మన్ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ కుర్రాళ్ళ హాస్టల్‌కి ఆమె అమ్మ. ఆ ఉద్యోగం పేరే అది, హాస్టల్ అమ్మ. జ్వరం వచ్చినవాణ్ణి చూసుకోవడం, ఆదివారం అందర్నీ చర్చికి లేపడం, చిరిగిన చొక్కాలు కుట్టడం ఆమె పనులు. వాటితోపాటు ఎవరూ పైకి చెప్పని పని ఇంకొకటి ఉంది. టీములోంచి తీసేసిన కుర్రాడి సంచీ సర్దడం.

అది కోచ్ బాస్కమ్ పెట్టిన ఆచారం. తప్పు చేసినవాడు మిగతావాళ్ళ కళ్ళముందు వెళ్ళకూడదు. వాళ్ళంతా మైదానంలో ప్రాక్టీసులో ఉండగా ఇక్కడ వాడి మంచం మీది దుప్పటి తీసేయాలి, తలుపు మీద పేరు పీకేయాలి. వాడు సాయంత్రం బస్సెక్కాలి. రాత్రి భోజనాల దగ్గర వాడి కుర్చీ ఉండదు. వాడి పేరు కూడా ఎవరూ ఎత్తరు.

ఈసారి వెళ్ళేది ఎల్విన్ టిబ్స్.

ఎల్విన్ నంబరు అరవై నాలుగు. బంతి విసిరేవాడి ముందు గోడలా నిలబడి, మీదికి ఉరికొచ్చేవాళ్ళను ఒంటితో ఆపే భారీ కుర్రాళ్ళలో ఒకడు. రంపపు మిల్లు తప్ప మరేమీ లేని ఊరు అతనిది. ఆ మిల్లులోనే తండ్రి కుడిచేతి వేళ్ళు పోయాయి. ఇంట్లో కాలేజీ మొహం చూసిన మొదటివాడు ఇతనే, అదీ ఆట పుణ్యమా అని. టీములో చోటు పోతే చదువూ పోతుంది, చదువు పోతే మళ్ళీ ఆ మిల్లే గతి. చదివేది భూగర్భ శాస్త్రం. ఆట కోసం ఏ ఊరు వెళ్ళినా అక్కడి రాయి ఒకటి జేబులో వేసుకొచ్చి వెర్నా వంటింటి బల్లమీద పెట్టి, ఇదేమిటో చెప్పుకోండి అనేవాడు. ఆమె బడి చదువు ఆరో తరగతితో ఆగింది. కానీ ఆ హాస్టల్లోంచి వెళ్ళిపోయిన కుర్రాళ్ళు వదిలేసిన పుస్తకాలన్నీ ఆమె చదివింది. రోమన్ చక్రవర్తుల గురించి, కప్ప గుండె గురించి, వంతెనలు కట్టడం గురించి ఆమెకు ఎంతో కొంత తెలుసు. ఏ పుస్తకం ఎవరు వెళ్ళిపోతే మిగిలిందో కూడా గుర్తే. అందుకే ఎల్విన్ రాళ్ళ పుస్తకాన్ని బల్లమీద వదలకుండా చొక్కాల మధ్య గట్టిగా దోపింది. రాళ్ళున్న మేజోడును సంచీ మూలన కుక్కింది. జిప్పు వేసింది, తీసింది, మళ్ళీ వేసింది. ఎవరి సంచీ సర్దినా ఆమెకు ఇదే బాధ. పెళ్ళయిన కొత్తలో కొరియా యుద్ధానికి వెళ్తున్న భర్తకు సర్దిన సంచీ దగ్గర మొదలైంది.

ఇంతకీ జరిగిందేమిటంటే, శనివారం టీము ఓడిపోయింది. ఆ సాయంత్రం బస్టాండు ఫలహారాల కౌంటరు కుర్రాడు హోయ్ట్‌ను, ఆ వెనకే ఎవరో దవడ విరిగేలా కొట్టారు. చీకటి పడింది కాబట్టి మొహం తెలియలేదు. టీము కుర్రాళ్ళు వేసుకునే కోటు మాత్రం చూసినవాళ్ళున్నారు. ఎవరో చెప్పమని కోచ్ అడిగాడు. ఎవరూ నోరు విప్పలేదు. అప్పుడు కోచ్ తన రెండో ఆచారం బయటికి తీశాడు. కొట్టినవాడు ఒప్పుకునేదాకా రోజూ ఫలహారానికి ముందు టీమంతా స్టేడియం మెట్లు ఎక్కి దిగాలి, మళ్ళీ ఎక్కాలి. సోమవారం ఎక్కారు. మంగళవారం మొదటి ఏడాది పిల్లలు వాంతులు చేసుకున్నారు. బుధవారం ఇద్దరు కుంటుకుంటూ వచ్చారు. గురువారం మెట్లయ్యాక ఎల్విన్ వెళ్ళి, నేనే కొట్టాను సార్ అన్నాడు. ఇప్పుడు మధ్యాహ్నం.

వెర్నాకు అంతుపట్టనిది ఒక్కటే. ఎల్విన్ చేతిలో అంత బలం లేదని కాదు, బోలెడుంది. కానీ అతనికి దాచడం రాదు. కిందటేడు చల్లారడానికి పెట్టిన పీచ్ పళ్ళ కేకులో ఒక ముక్క తీసుకుని, ఆమె చూడకముందే వచ్చి చెప్పి క్షమాపణ అడిగిన మనిషి. కొట్టినవాడైతే ఆదివారమే చెప్పేసేవాడు. గురువారం దాకా ఎందుకు ఆగాడు?

అతని మేజోళ్ళు సంచీలో పెట్టాలని ఆమె లాండ్రీ గదికి వెళ్ళింది. అక్కడ ఇంకో వింత. ప్రతి కుర్రాడికీ నంబరు కొట్టిన పెద్ద ఇత్తడి పిన్నీసు ఒకటుంటుంది. ప్రాక్టీసు అయ్యాక మేజోళ్ళు, లోపలి బట్టలు దానికి గుచ్చి గంపలో పడేస్తారు. ఉతికాక ఎవరివి వాళ్ళకు చేరతాయి. ఆ పొద్దున వచ్చిన గంపలో పిన్నీసులు లేవు. బట్టలన్నీ కలిసిపోయి కుప్పగా పడున్నాయి. వాటిలో ఒక్క గుత్తి మాత్రం పిన్నీసుతో ఉంది, పన్నెండో నంబరు. పన్నెండంటే కెప్టెన్ డ్వైట్ లాంగ్లీ, బంతి విసిరేవాడు. ఒక్కడికైనా బుద్ధుందిలే అనుకుని ఆమె ఆ గుత్తిని పక్కన పెట్టింది.

బస్సు వచ్చేదాకా ఎల్విన్‌ను వంటింట్లో కూర్చోమన్నారు. అతనికి ఆ కుర్చీ ఎప్పుడూ చాలేది కాదు.

"తిను," అంది వెర్నా, పెద్ద గ్లాసులో చల్లని మజ్జిగ పోసి, మొక్కజొన్న రొట్టె నలిపి వేస్తూ.

"ఆకలి లేదమ్మా."

"ఆకలి లేనివాడివి గ్లాసుని అలా చూస్తావేం?"

ఎల్విన్ చెంచా తీసుకున్నాడు.

"నీ పిన్నీసు ఏదీ? అది కాలేజీది. నేను అప్పజెప్పాలి."

అతను చొక్కా జేబులోంచి తీసి బల్లమీద పెట్టాడు.

"ఇది జేబులోకి ఎలా వచ్చింది? పొద్దున గంపలో ఉండాల్సింది కదా."

"వచ్చింది, అంతే."

"మిగతావాళ్ళవీ వాళ్ళ జేబుల్లోనే ఉన్నాయా?"

చెంచా గ్లాసులో ఆగిపోయింది. "మీరు ఆ దొంగలూ పోలీసుల పుస్తకాలు చదవడం మానెయ్యాలి, మిస్ వెర్నా."

"వాటిల్లోది కాదు నాయనా. నీ రాళ్ళ పుస్తకంలోదే. ఉండాల్సిన పొర అక్కడ లేకపోతే, ఏమైందో వెతకమని అందులోనే రాశాడు."

ఎల్విన్‌కు నవ్వొచ్చింది. నవ్వాక ఇక దాచలేకపోయాడు.

"చీటీల్లాగా వేశామమ్మా. పొద్దున మెట్లు దిగాక, డ్రెస్సులు మార్చుకునే గదిలో. గంపలోంచి పిన్నీసులన్నీ ఊడదీసి హెల్మెట్‌లో పోశాం. ఎవడిది వస్తే వాడు వెళ్ళి ఒప్పుకోవాలి. డ్వైట్ హెల్మెట్ పట్టుకుని కళ్ళు మూసుకుని తీశాడు. నాది వచ్చింది."

"అయితే హోయ్ట్‌ని కొట్టింది నువ్వు కాదు."

"కాదు."

"మరెవరు?"

"తెలీదు. నిజంగానే తెలీదు. తెలుసుకోకూడదనే కదా అలా చేసింది. తెలిస్తే చెప్పాలి. చెబితే వాడి పక్కన నిలబడి ఆడలేం."

"ఏం పద్ధతిరా ఇది? దీనికి నువ్వు ఒప్పుకున్నావా?"

"అందరితోపాటు చెయ్యెత్తాను. నా నంబరు రాకపోయుంటే ఈపాటికి నేను అక్కడ ప్రాక్టీసులో ఉండేవాణ్ణి. ఇంకోడెవడో ఇక్కడ కూర్చుని మీ మజ్జిగ తాగుతుండేవాడు. అప్పుడు నేను ఏమీ అనుకునేవాణ్ణి కాదు కూడా." అతను గ్లాసు అడుగున ఉన్న రొట్టెను గీకి తిన్నాడు. "సరిగ్గానే తీశారమ్మా. ఎవడికో ఒకడికి రావాలి."

"ఇంటికెళ్ళి ఏం చేస్తావు?"

"మావయ్య మిల్లులో మేస్త్రీ కదా. రంపం దగ్గర పెట్టిస్తాడు."

వెర్నా లేచి తలకు రుమాలు కట్టుకుంది. ఎల్విన్ కూడా గబుక్కున లేచాడు.

"ఎక్కడికీ? ఎవరికీ చెప్పనని మాటివ్వండి."

"మాటివ్వను. నువ్వు మాట అడిగి చెప్పుంటే ఆలోచించేదాన్ని. చెప్పేశాక అడిగితే ఎలా? బస్టాండుకి పో. నేను వచ్చేదాకా ఎక్కకు."

"బస్సు నాకోసం ఆగదమ్మా."

"ఆపు. అంత ఒళ్ళు ఎందుకుంది మరి, అడ్డంగా నిలబడు."

ప్రాక్టీసు జరిగేటప్పుడు మైదానం తెల్లగీత దాటి లోపలికి ఎవరూ పోకూడదు. కోచ్ భార్య కూడా పోదు. కోచ్ బాస్కమ్ మైదానం మధ్య ఇనుప మంచె మీద నిలబడి, నోటికి గొట్టం పెట్టుకుని అరుస్తుంటాడు. ప్రాక్టీసు అయ్యేదాకా ఆయన నిచ్చెన దిగడం ఎవరూ చూడలేదు. వెర్నా గీత దాటి నడుస్తుంటే కుర్రాళ్ళు ఒక్కొక్కరే ఆగిపోయారు.

"మిస్ వెర్నా, అరవై నాలుగు ఖాళీగా ఉంది. మీకు హెల్మెట్ ఇప్పించమంటారా?" అన్నాడు ఒకడు. అనకూడని నంబరు అన్నానని వాడికి వెంటనే తెలిసింది. తల దించుకున్నాడు.

"పైనుంచి దిగుతారా కోచ్ గారూ, నన్నే ఎక్కి రమ్మంటారా?" అంది ఆమె మంచె కింద నిలబడి.

"ఏమైందమ్మా? హాస్టల్ ఏమైనా అంటుకుందా?"

"లేదు. ఒక సంగతి అడగాలి."

ఆ వయసులో ఆమె నిచ్చెన మీద చెయ్యి వేసేసరికి కోచ్ దిగొచ్చాడు. ఆమె విన్నదంతా విన్నట్టు చెప్పింది. కోచ్‌కు కోపం వస్తుందనుకున్నారు కుర్రాళ్ళు. ఆయన మొహంలో కనబడింది కోపం కాదు. ఎదుటి టీము ఎప్పుడూ చూడని ఎత్తు ఏదో వేసినప్పుడు ఆయన అలా చూస్తాడు.

"పిన్నీసులు వేసి తీశారా?" అన్నాడు మెల్లగా. "నేను ముప్ఫై ఏళ్ళుగా కుర్రాళ్ళ చేత మెట్లెక్కిస్తున్నాను. ఈ ఆలోచన ఎవరిది?"

మొదటి ఏడాది పిల్లాడొకడు, "మెట్లదే సార్," అన్నాడు. "ఆ మెట్లెక్కితే ఎవడికైనా ఏదో ఒకటి తోస్తుంది."

"నా రోజుల్లో అయితే మూడో రోజుకల్లా ఎవడో ఒకడు నిజం చెప్పేవాడు," అన్నాడు కోచ్. తర్వాత ఆగాడు. అప్పట్లో చెప్పింది నిజమేనా అని మొదటిసారి అనుమానం వచ్చినట్టుంది. ఆయన వెర్నా వైపు చూశాడు. ఆమె చూపు తిప్పుకుంది. సర్దిన సంచీలు ఆమెకు ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి.

"పోనీ, అందరూ వేశారా?" అని అడిగాడు.

"అందరివీ వేశాం సార్. నేనే పోశాను," అన్నాడో లావుపాటి కుర్రాడు. "గంపలో ఒక్కటి కూడా వదల్లేదు."

"ఒకటి వదిలారే," అంది వెర్నా. "డ్వైట్ బట్టలు పిన్నీసుతోనే వచ్చాయి. నేను మెచ్చుకున్నాను కూడా, ఒక్కడికైనా..."

తానేం అంటోందో అప్పుడు ఆమెకే వినబడింది. మాట సగంలో ఆగిపోయింది.

హెల్మెట్లన్నీ డ్వైట్ లాంగ్లీ వైపు తిరిగాయి. పొడుగ్గా, సన్నగా, బంతి చంకలో పెట్టుకుని నిలబడ్డాడు అతను.

"నేను కెప్టెన్ని సార్," అన్నాడు. "శనివారం ఆట ఎవరితోనో మీకు తెలుసు. నా నంబరు వస్తే బంతి ఎవరు విసురుతారు? టీము కోసమే నా గుత్తిని ముందే తీసి దాచి, తర్వాత గంపలో వేశాను."

"అది కాదు నేను అడిగేది. హోయ్ట్‌ని కొట్టింది ఎవరు?"

డ్వైట్ హెల్మెట్ తీశాడు. బంతిని గడ్డిమీద పెట్టాడు.

"నేనే సార్. కాఫీ అడిగితే వాడు నవ్వాడు. ఈరోజు ఎదుటివాళ్ళ చేతుల్లోకే అంత బాగా విసిరావు, ఒకటి నాకు విసిరినా పట్టుకునేవాణ్ణి అన్నాడు. తర్వాత వాడు వెనక తలుపులోంచి బయటికొచ్చేదాకా చీకట్లో కాచుకుని కొట్టాను."

పిన్నీసులు పోసిన లావుపాటి కుర్రాడు తన హెల్మెట్ కింద పెట్టి దానిమీద కూర్చున్నాడు.

"రోజూ మాతోపాటే ఎక్కావు కదరా," అన్నాడు. "ముందుండి ఎక్కించావు. పడిపోతుంటే వీపు తట్టావు."

కోచ్ వెర్నాను తన ట్రక్కులో ఎక్కించుకుని బస్టాండు వైపు పోనిచ్చాడు. ఆమె దారి పొడుగునా మెడ చాచి బస్సు కనబడుతుందేమోనని చూస్తూనే ఉంది. ఆమెకు ఇంకొక సంగతి కూడా తెలుసుకోవాలనుంది.

"డ్వైట్ సంచీ కూడా సర్దాలా?"

కోచ్ ట్రక్కును నెమ్మదిగా రైలు పట్టాలు దాటించాడు. "శనివారం కానివ్వండి. చూద్దాం," అన్నాడు.

ఆమె మెడ వెనక్కి తీసుకుని సీటుకు ఆనించింది. ఇన్నేళ్ళలో ఏ కుర్రాడి విషయంలోనూ ఆయన చూద్దాం అనడం ఆమె వినలేదు.

బస్సు వచ్చి నిలబడి ఉంది. ఎల్విన్ బయట బల్లమీద కూర్చుని కాఫీ తాగుతున్నాడు. పక్కన, విరిగిన దవడ కదలకుండా తీగలు కట్టించుకున్న హోయ్ట్ కూర్చుని ఉన్నాడు. ఆ కాఫీ తెచ్చిచ్చింది అతనే. కొట్టినవాడి మొహం తెలియకపోయినా, వాడు సన్నటి మనిషని హోయ్ట్‌కు మొదటిరోజు నుంచీ తెలుసు. కాలేజీ నుంచి గానీ, పోలీసుల నుంచి గానీ వచ్చి అతన్ని అడిగినవాళ్ళు లేరు. ఒప్పుకున్నవాడు దొరికాక అడిగే పనేముంది.

"సంచీ తీసుకుని ట్రక్కెక్కు," అన్నాడు కోచ్. "పొరపాటు జరిగింది. నువ్వు కాదని తేలింది."

"ఎవరు సార్?" ఎల్విన్ గొంతులో కోపం లేదు. కొత్త రాయిని వెలుతురులోకి తిప్పి చూసేటప్పుడు అతను అలాగే అడిగేవాడు.

"డ్వైట్."

"డ్వైటా," అన్నాడు ఎల్విన్. "అయితే రావాల్సింది వాడి పిన్నీసే కదా, నాది వచ్చిందేం?"

"వాడిది హెల్మెట్‌లో వెయ్యలేదు నాయనా," అంది వెర్నా.

ఎల్విన్ కాఫీ కప్పు జాగ్రత్తగా హోయ్ట్ చేతికిచ్చాడు. "వాడి సంచీ సర్దారా, మిస్ వెర్నా?"

ఆమె కోచ్ వైపు చూసింది.

"అది నేను చూసుకుంటాను. నువ్వు పద, ప్రాక్టీసు ఇంకా అవలేదు," అన్నాడు కోచ్.

ఎల్విన్ తల ఊపి సంచీ భుజానికెత్తుకున్నాడు. ట్రక్కు వైపే వస్తున్నాడనుకుని వెర్నా తలుపు తెరిచి పట్టుకుంది. అతను బస్సు దగ్గరికి నడిచాడు.

"ఒరేయ్, నిన్ను ఇప్పుడు ఎవరూ పంపడం లేదు," అన్నాడు కోచ్.

"తెలుసు సార్. ఎవడికో ఒకడికి రావాలి, నాకు వచ్చింది అనుకుని కూర్చున్నాను ఇందాకటిదాకా. దానికి నాకేమీ బాధ లేదు. రేపు మళ్ళీ వాడి ముందు నిలబడి, మీదికొచ్చేవాళ్ళని ఆపమంటారు. రెండేళ్ళు ఆపాను. ఇక నావల్ల కాదు."

"చదువురా. మిల్లులో ఏముంది నీకు?" అంది వెర్నా.

"ఏమీ లేదమ్మా," అన్నాడు ఎల్విన్. ఆమె చెంప మీద ముద్దు పెట్టుకోవడానికి అంత మనిషి నడుం వంచాల్సి వచ్చింది. "బూట్లు అడుగునే పెట్టారుగా?"

"అడుగునే పెట్టాను."

బస్సు కదిలాక కోచ్ టోపీ తీసి, చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు. అలా ఎవరైనా ఎందుకు వెళ్తారో ఆయనకు బోధపడలేదు. దారిలో ఆమెను రెండుసార్లు అడిగాడు. వాడు చెప్పింది నిజమేనా, ఇంకేదైనా ఉందా అని. ఆమెకు తెలిసిందంతా అతను చెప్పినదే.

శనివారం డ్వైట్ ఆడాడు. టీము గెలిచింది. ఆ తర్వాతి వారం ఆట బలం లేని టీముతో. దానికి కోచ్ అతన్ని ఆట బట్టలు వేసుకోనివ్వకుండా బయట కూర్చోబెట్టాడు. దాన్నే శిక్ష అన్నారు. మెట్లెక్కించడం మాత్రం ఆ గురువారంతోనే ఆపేశాడు. వసంతంలో ఒకసారి, మళ్ళీ వేసవిలో ఒకసారి ఎల్విన్‌కు కబురు పంపాడు, చోటు అలాగే ఉంది రమ్మని. వెర్నా ఆ గది తలుపు మీద పేరు మళ్ళీ తగిలించి, మంచం మీద ఉతికిన దుప్పటి పరిచి ఉంచింది.

ఎల్విన్ టిబ్స్ తిరిగి రాలేదు. అతను పిట్‌మన్ వదిలి వెళ్ళింది 1976 నవంబరు 11, గురువారం, సాయంత్రం బస్సులో.